ఇంగ్లండ్‌లో ఇల్లు కొంటే పాత చర్చి రిపేరు మన మీద ఎందుకు పడుతుంది? బార్టన్ సెయింట్ పీటర్స్ చర్చిని పట్టుకుని చూద్దాం

ఇంగ్లండ్‌లో ఇల్లు కొంటున్న మనవాళ్ళు చాలామంది సొలిసిటర్ (ఆస్తి కాగితాలు చూసే లాయర్) పంపిన బిల్లులో ఒక లైను దగ్గర ఆగిపోతారు, చాన్సెల్ చెక్ అని ఉంటుంది. కౌన్సిల్ సెర్చ్ అంటే అర్థమవుతుంది, డ్రైనేజీ సెర్చ్ అంటే అర్థమవుతుంది, ఇదేంటి మరి? అడిగితే దగ్గర్లో పాత చర్చి ఉంటే దాని రిపేరు ఖర్చు మీ మీద పడే ఛాన్స్ ఉంది, ఎందుకైనా మంచిది బీమా తీసుకోండి అంటారు. చర్చి గడప తొక్కనివాళ్ళకీ, అసలు క్రైస్తవులే కానివాళ్ళకీ ఇదే మాట చెప్తారు. దాంతో ఇదేదో డబ్బులు గుంజే స్కామ్ అని చాలామంది ఫిక్స్ అయిపోతారు.

స్కామ్ కాదు. దీని వెనక దాదాపు వెయ్యేళ్ళ కథ ఉంది, ఆ కథ కాగితాల్లో కన్నా చర్చి గోడల్లోనే బాగా కనిపిస్తుంది. ఏ ముక్క ఎవరి డబ్బుతో కట్టారో తెలిస్తే ఆ ముక్క అలా ఎందుకు ఉందో సగం తెలిసినట్టే. ఉదాహరణకి లింకన్‌షైర్‌లో హంబర్ నది ఒడ్డున ఉన్న బార్టన్ అపాన్ హంబర్ అనే ఊళ్ళో సెయింట్ పీటర్స్ చర్చిని తీసుకుందాం, ఎందుకంటే ఇంగ్లండ్‌లో ఇంత క్షుణ్ణంగా తవ్వి చూసిన పారిష్ చర్చిలు చాలా తక్కువ.

పారిష్ అంటే బిల్డింగ్ కాదు, సరిహద్దు

మన దగ్గర కథోలిక చర్చిల్లో విచారణ అంటారే, అదే పారిష్. ఒక గురువు బాధ్యతలో ఉండే ఏరియా అన్నమాట. ఇలాంటివన్నీ కలిపితే ఒక బిషప్ కింద ఉండే మేత్రాసనం, బిషప్ కూర్చునే చర్చి కేథడ్రల్. సైజుతో సంబంధం లేదు, కేథడ్రల్‌ని మించినంత పెద్ద పారిష్ చర్చిలూ ఉన్నాయి, చిన్న కేథడ్రల్స్ కూడా ఉన్నాయి.

మధ్యయుగాల ఇంగ్లండ్‌లో మాత్రం పారిష్ అంటే ప్రార్థన ఒక్కటే కాదు, డబ్బు కూడా. ఆ సరిహద్దు లోపల ఉన్న ప్రతివాడూ పండిన దాంట్లో దశమభాగం ఆ చర్చికే ఇవ్వాలి, ఇష్టం ఉన్నా లేకపోయినా. బాప్తిస్మం అక్కడే, పూడ్చేది అక్కడే, పూడ్చినందుకు కూడా ఫీజు ఉండేది. ఊరు పెరిగి జనానికి చర్చి దూరమైతే ఇంకో చిన్న చర్చి కట్టుకోనిచ్చేవాళ్ళు, దాన్ని చాపెల్ ఆఫ్ ఈజ్ అంటారు, కానీ సమాధుల హక్కు మాత్రం చాలాసార్లు తల్లి చర్చి వదులుకునేది కాదు, ఆదాయం పోతుంది కదా. బార్టన్‌లో ఇదే కనిపిస్తుంది. సెయింట్ పీటర్స్‌కి నడిచి వెళ్ళేంత దగ్గర్లో సెయింట్ మేరీస్ అని ఇంకో పెద్ద చర్చి ఉంది, చూసినవాళ్ళందరికీ ఒకే ఊళ్ళో పక్కపక్కన రెండెందుకనే డౌట్ వస్తుంది. మొదట్లో సెయింట్ మేరీస్ మార్కెట్ దగ్గర పుట్టిన చాపెల్, తర్వాత వ్యాపారుల డబ్బుతో పెరిగింది.

ఒకే కప్పు కింద రెండు బాధ్యతలు

చర్చి లోపల రెండు ముఖ్యమైన భాగాలు ఉంటాయి. జనం నిలబడే పొడవాటి హాలు నేవ్. తూర్పు వైపు, పీఠం ఉండే చోటు చాన్సెల్, అది గురువుగారి ఏరియా. నేవ్‌కి అటూ ఇటూ స్తంభాల వరస అవతల ఉండే భాగాల్ని ఐల్స్ అంటారు.

13వ శతాబ్దానికల్లా ఇంగ్లండ్‌లో ఒక లెక్క స్థిరపడిపోయింది. నేవ్ రిపేరు ఊరివాళ్ళది, చాన్సెల్ రిపేరు రెక్టర్‌ది. రెక్టర్ అంటే దశమభాగంలో పెద్ద వాటా తీసుకునేవాడు. ఒక రైతుకి వంద గోధుమ కట్టలు పండాయి అనుకోండి, పది చర్చికి పోతాయి. ధాన్యం, ఎండుగడ్డి లాంటివి పెద్ద దశమభాగం, అది రెక్టర్‌కి. గుడ్లు, పందిపిల్లలు, పళ్ళు లాంటివి చిన్న దశమభాగం. రెక్టర్ ఊళ్ళోనే ఉండే గురువు అయితే గొడవ లేదు, రెండూ ఆయనకే. కానీ చాలా ఊళ్ళలో జమీందార్లు తమ చర్చిని ఏదో ఒక మఠానికి పుణ్యం కోసం రాసిచ్చేశారు, అప్పుడు మఠమే రెక్టర్ అయిపోతుంది, ధాన్యం బండ్లెక్కి మఠానికి పోతుంది, ఊళ్ళో పూజలు చేయడానికి చిన్న దశమభాగం మీద బతికే ఒక వికార్‌ని పెడతారు. బార్టన్ కూడా ఇలాగే 12వ శతాబ్దం మొదట్లో ఊరి దొరలైన గాంట్ కుటుంబం చేతుల మీదుగా బార్డ్నీ మఠానికి వెళ్ళిపోయింది.

దీనివల్ల బిల్డింగ్ మీద ఏం ప్రభావం పడిందంటే, చాలా ఊళ్ళలో నేవ్ ఎత్తుగా, ఐల్స్‌తో, పెద్ద పెద్ద కిటికీలతో ఉంటుంది, చాన్సెల్ మాత్రం తక్కువ ఎత్తులో పాతగా ఉండిపోతుంది. ఊరివాళ్ళు పరువు కోసం ఖర్చు పెట్టారు, ఎక్కడో దూరంగా ఉన్న మఠానికి అంత పట్టలేదు. ప్రతిచోటా ఇలాగే అని కాదు, దండిగా ఖర్చు పెట్టిన రెక్టర్లూ ఉన్నారు, కానీ ఏ పాత చర్చికి వెళ్ళినా ముందు ఈ తేడా ఉందేమో చూడటం మంచి అలవాటు.

టవర్ కాదు, ఒకప్పుడు టవరే చర్చి

ఇప్పుడు అసలు బిల్డింగ్‌కి వద్దాం. ఇవాళ సెయింట్ పీటర్స్ చూస్తే పడమర వైపు టవర్, దాని వెనక పెద్ద నేవ్, తూర్పున చాన్సెల్, అన్ని చర్చిల్లాగే అనిపిస్తుంది. కానీ టవర్‌కి ఇంకా పడమరగా, ముక్కులా బయటికి వచ్చిన ఒక చిన్న గది ఉంది, గుండ్రటి కిటికీలతో. మామూలుగా టవర్ అవతల ఏమీ ఉండదు. మరి ఈ గది ఎందుకుంది?

1978 నుంచి 1984 దాకా ఇక్కడ తవ్వకాలు జరిగాయి, అప్పుడు టవర్‌కి తూర్పున, ఇప్పటి నేవ్ నేల కింద, ఇంకో చిన్న గది పునాదులు బయటపడ్డాయి. అంటే 10వ శతాబ్దం చివర్లో కట్టినప్పుడు మధ్యలో టవర్, పడమర ఒక చిన్న గది, తూర్పున ఒక చిన్న చాన్సెల్, అంతే. టవర్ కింది అంతస్తే నేవ్! ఒక పెద్ద గది అంత చోటు, పైన గంటలు. పడమర గది బాప్తిస్మాలకి వాడారని పరిశోధకులు అంటారు. ఇలాంటివాటిని టవర్ నేవ్ చర్చిలు అంటారు, ఇంగ్లండ్‌లో మిగిలినవి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

ఇంత ఇరుకు చర్చి ఎవరికోసం కట్టారు అనే దగ్గర అభిప్రాయాలు వేరువేరుగా ఉన్నాయి. పక్కనే ఒక దొర కోట లాంటి ఆవరణ ఉండేది, అందుకని ఇది ఆ దొర తన కుటుంబానికి కట్టుకున్న సొంత చర్చి అని ఒక వాదన. దీనికి సపోర్ట్‌గా 11వ శతాబ్దం మొదట్లో రాసిన ఒక ఇంగ్లిష్ పత్రం ఉంది, అందులో ఒక మామూలు రైతు ఎదిగి ఐదు హైడ్ల (హైడ్ అంటే అప్పటి భూమి కొలత) సొంత భూమి, గంట, కోట గేటు సంపాదిస్తే అతన్ని పెద్ద హోదా ఉన్నవాడిగా లెక్కేస్తారని ఉంటుంది. అంటే గంట మోగే టవర్ ఉండటమే ఒక స్టేటస్. ఇంకో వాదన ఏంటంటే బాప్తిస్మానికి విడిగా గది, చుట్టూ పెద్ద సమాధుల స్థలం ఉన్నాయంటే ఊరంతా వాడుకునేదే అయ్యుండాలి కదా అని. నాకైతే ఈ రెండూ కొట్టుకునేవి కావనిపిస్తుంది, దొర కట్టించాడు, ఊరు వాడుకుంది, ఆ రోజుల్లో చాలా పారిష్‌లు పుట్టింది అలాగే. 1086 నాటి డూమ్స్‌డే సర్వేలో, అంటే రాజు చేయించిన భూముల లెక్కలో, బార్టన్‌కి చర్చి, గురువు, మార్కెట్, నది దాటే రేవు అన్నీ ఉన్నట్టు రాశారు, అప్పటికి ఊరు నార్మన్ దొర గిల్బర్ట్ డి గాంట్ చేతిలో ఉంది.

ఒక అకౌంటెంట్ వేసిన సింపుల్ లెక్క

నార్మన్లంటే 1066లో ఫ్రాన్స్‌లోని నార్మండీ నుంచి వచ్చి ఇంగ్లండ్‌ని గెలిచినవాళ్ళు. ఈ టవర్ వాళ్ళ కంటే ముందుదని ఎలా తెలిసింది? ఇది నాకు భలే ఇష్టమైన భాగం.

200 ఏళ్ళ క్రితం ఇంగ్లండ్‌లో ఎవరికీ పాత చర్చిల వయసు సరిగ్గా తెలీదు. గుండ్రటి ఆర్చ్ కనిపిస్తే చాలు శాక్సన్, అంటే నార్మన్లకి ముందు కాలానిది, అనేసేవాళ్ళు. అప్పుడు థామస్ రిక్‌మన్ అనే ఆయన వచ్చాడు, లివర్‌పూల్‌లో లెక్కలు రాసుకునే ఉద్యోగి, ఆర్కిటెక్చర్ ఎక్కడా చదవలేదు, సెలవు దొరికితే చర్చిలు చూస్తూ స్కెచ్‌లు వేసుకునేవాడు. 1817లో ఆయన రాసిన పుస్తకంలోంచే ఇవాళ అందరూ వాడే పేర్లు వచ్చాయి. గుండ్రటి ఆర్చ్, లావు గోడలు ఉంటే నార్మన్. సన్నగా మొనదేలిన కిటికీలైతే ఎర్లీ ఇంగ్లిష్. కిటికీ పైభాగంలో రాతి అల్లిక, తీగల్లా వంపులు తిరిగితే డెకరేటెడ్. నిలువు గీతలు గీసినట్టు పెద్ద పెద్ద అద్దాల కిటికీలైతే పర్పెండిక్యులర్. మోటుగా చెప్పాలంటే 1180 దాకా మొదటిది, 1275 దాకా రెండోది, 1375 దాకా మూడోది, 1540 దాకా నాలుగోది, ప్రాంతాన్ని బట్టి అటూ ఇటూ అవుతాయి.

రిక్‌మన్ బార్టన్ గురించి 1819లో చేసిన వాదన చూడండి. టవర్ మొదటి రెండు అంతస్తుల మీద రాతి పట్టీలు ఉన్నాయి, నిలువుగా, మధ్యలో చిన్న ఆర్చ్‌లతో, కింది వరసలో గుండ్రంగా, పై వరసలో త్రికోణంగా. అన్నిటికన్నా పైన ఉన్న అంతస్తులో మాత్రం ఈ పట్టీలేమీ లేవు, ప్లెయిన్‌గా తొలి నార్మన్ పద్ధతిలో ఉంది. పాత ఇంటి మీద కొత్తగా మేడ వేస్తే మేడకన్నా కింది గది పాతదే అవుతుంది కదా, అంతే లాజిక్. పైది నార్మన్ మొదటి రోజులది, కిందిది దానికన్నా ముందుది, స్టైల్ కూడా వేరు, కాబట్టి కిందిది 1066 కంటే ముందే కట్టిందై ఉండాలి. ఇక్కడ నిరూపించాక ఆ పట్టీల పద్ధతి నార్తాంప్టన్‌షైర్‌లోని ఎర్ల్స్ బార్టన్ టవర్ మీద కనిపించినా, ఇంకెక్కడ కనిపించినా శాక్సన్ అని ధైర్యంగా చెప్పగలిగారు.

ఇందులో గమనించాల్సింది ఏంటంటే ఆయన పై అంతస్తుని పోలికతో గుర్తుపట్టినా, కింది దాన్ని పోలిక చూసి తేల్చలేదు, దేని మీద ఏది ఉంది అని చూసి తేల్చాడు.

ఆ రాతి పట్టీలు దేనికి?

చాలాకాలం ఒకటే మాట చెప్పేవాళ్ళు, అంతకుముందు చర్చిలు చెక్కతో కట్టేవాళ్ళు కాబట్టి రాయితో కట్టినప్పుడు కూడా చెక్క దూలాల్ని కాపీ కొట్టారు అని. చూస్తే నిజమే అనిపిస్తుంది, వడ్రంగి పనిలాగే ఉంటుంది. రెండోవాళ్ళు అదేం కాదు, యూరప్‌లో రాతి బిల్డింగుల మీద ఇలాంటి అలంకారం ముందే ఉంది, జర్మనీలోని లోర్ష్ మఠం గేటు మీద ఇలాంటి త్రికోణాల వరస చూడొచ్చు, అక్కడ్నించి వచ్చిన ఫ్యాషన్ అంటారు. మూడోవాళ్ళు ఇంజనీరింగ్ వైపు నుంచి మాట్లాడతారు, గోడ నాసిరకం చిన్న రాళ్ళతో కట్టి పైన ప్లాస్టర్ చేసినప్పుడు ఈ పొడవు రాళ్ళు గోడలోకి దిగి పట్టు ఇస్తాయి, ప్లాస్టర్‌కి అంచుగా కూడా పనికొస్తాయి అని. ఈ మూడోది కొన్ని రాళ్ళకి వర్తిస్తుంది, అన్నిటికీ వర్తించదు, ఎందుకంటే కొన్ని పట్టీలు కింద నేల దాకా రాకుండా ఆర్చ్‌ల నెత్తి మీద నిలబడతాయి, వాటికి బలంతో పనేముంది. నా ఉద్దేశంలో యూరప్ వాదనకే కాస్త ఎక్కువ బరువుంది, కానీ చెక్కపని అలవాటైన చేతులు ఆ ఫ్యాషన్‌ని తమ పద్ధతిలోకి మార్చుకున్నాయంటే కాదనలేం.

స్టైల్ చూసి వయసు చెప్పేస్తే ఎక్కడ దెబ్బతింటాం

ఎసెక్స్‌లో గ్రీన్‌స్టెడ్ అనే చోట చెక్క దుంగలు నిలువుగా పాతి కట్టిన చర్చి ఉంది. చాలా ఏళ్ళు అది 9వ శతాబ్దానిదని చెప్పుకున్నారు, అంత మోటుగా ఉంది కదా మరి. 1990ల్లో దుంగల లోపలి వలయాలు లెక్కపెట్టి చూస్తే ఆ చెట్లు నరికిందే 1060 తర్వాత అని తేలింది, రెండొందల ఏళ్ళు ఒక్కసారిగా ఎగిరిపోయాయి.

దీనికి రివర్స్ ఉదాహరణ మన మెదక్‌లోనే ఉంది. మొనదేలిన ఆర్చ్‌లు, రంగు అద్దాలు, ఎత్తైన టవర్, ఫొటో చూపించి ఏ కాలం అంటే తెలియనివాళ్ళు 14వ శతాబ్దం అనొచ్చు. కానీ మెదక్ చర్చి ప్రతిష్ఠ జరిగింది 1924 డిసెంబర్ 25న. 19వ శతాబ్దంలో ఇంగ్లండ్‌లో గోథిక్, అంటే ఈ మొనదేలిన ఆర్చ్‌ల పద్ధతి, మళ్ళీ ఫ్యాషన్ అయింది, ఆ గాలి మిషనరీలతో ఇక్కడి దాకా వచ్చింది. ఇంగ్లండ్‌లో కూడా పాత చర్చిలో అందంగా కనిపించే గోథిక్ కిటికీ విక్టోరియా కాలంలో పెట్టిందై ఉండే అవకాశం చాలా ఉంది. అప్పటి రిపేర్ల మీద అప్పుడే పెద్ద గొడవ నడిచింది. జార్జ్ గిల్బర్ట్ స్కాట్ లాంటి ఆర్కిటెక్టులు కూలిపోతున్న వందల చర్చిల్ని నిలబెట్టారు, అది కాదనలేం. కానీ పాతగా కనిపించాలని పాతవాటినే పీకేస్తున్నారని విలియం మోరిస్ 1877లో ఒక సంఘమే పెట్టాడు, గోడ గీకకుండా ఉన్నది ఉన్నట్టు కాపాడండి అనేది ఆ సంఘం పట్టుదల. ఇవాళ పురావస్తువాళ్ళు మోరిస్ వైపే ఉంటారు, కానీ స్కాట్ లాంటివాళ్ళు లేకపోతే కాపాడటానికి ఎన్ని మిగిలేవో కూడా ఆలోచించాలి.

ఇరుకు చర్చి పెద్దదైన తీరు

నార్మన్లు వచ్చాక బార్టన్‌లో టవర్ పైకి పెరిగింది, తర్వాత తూర్పున ఉన్న చిన్న చాన్సెల్ తీసేసి అక్కడ కొత్త నేవ్ కట్టడం మొదలుపెట్టారు. అక్కడితో టవర్ చర్చి అనే హోదా పోయి చర్చికి పడమర కొసన ఉండే మామూలు టవర్ అయిపోయింది. 13, 14 శతాబ్దాల్లో ఐల్స్ వచ్చాయి. 15వ శతాబ్దంలో నేవ్ గోడలు ఐల్స్ కప్పు మీదుగా ఇంకా పైకి లేపి కిటికీల వరస పెట్టారు, దీన్ని క్లియర్‌స్టోరీ అంటారు, లోపలికి వెలుతురు కోసం. ఇదంతా ఒక ప్లాన్ ప్రకారం జరగలేదు, చేతిలో డబ్బు ఉన్నప్పుడల్లా ఒక ముక్క కలిపారు.

దశమభాగం పొలానికి ఎలా అంటుకుంది

8వ హెన్రీ 1530ల్లో మఠాలు మూయించాడు, బార్డ్నీ 1538లో పోయింది. మఠాల దగ్గరున్న రెక్టర్ హక్కులు రాజుకి, రాజు దగ్గర్నుంచి డబ్బున్న ఆసాములకి అమ్ముడుపోయాయి. దశమభాగం వసూలు చేసే హక్కు కొన్నవాడికి చాన్సెల్ రిపేరు బాధ్యత కూడా దాంతోపాటే వచ్చింది. తర్వాత 18వ శతాబ్దంలో ఊరుమ్మడి పొలాల్ని ముక్కలు చేసి కంచెలు వేసినప్పుడు, చాలాచోట్ల ఏటేటా ధాన్యం ఇచ్చే బదులు రెక్టర్‌కి ఒక ముక్క భూమి ఇచ్చి సెటిల్ చేసుకున్నారు. రిపేరు బాధ్యత ఆ భూమికి అతుక్కుపోయింది. భూమి చేతులు మారింది, ముక్కలైంది, కొన్నిచోట్ల దాని మీద ఇళ్ళు లేచాయి, బాధ్యత మాత్రం రద్దు కాలేదు.

వారిక్‌షైర్‌లోని ఆస్టన్ కాంట్లో అనే ఊరి కేసుతో ఇది దేశం మొత్తానికి తెలిసింది. 1743 నాటి ఇలాంటి ఒక సెటిల్మెంటులో వచ్చిన పొలం ఒక దంపతుల చేతికి వచ్చింది, 1990ల్లో చర్చి కమిటీ వాళ్ళని చాన్సెల్ రిపేరుకి సుమారు 95 వేల పౌండ్లు అడిగింది. ఇది మానవ హక్కులకి విరుద్ధం అని అప్పీల్ కోర్టు 2001లో దంపతుల పక్కన నిలబడింది, 2003లో అప్పటి అత్యున్నత కోర్టు హౌస్ ఆఫ్ లార్డ్స్ దాన్ని తిరగేసింది, చర్చి కమిటీ ప్రభుత్వ సంస్థ కాదు, ఇది ఆస్తితోపాటు వచ్చిన బాధ్యత అని.

న్యాయమేనా? భూమి యజమానుల వైపు చూస్తే దశమభాగం ఆగిపోయి ఎన్నో తరాలైంది, రాబడి లేని ఖర్చు మాత్రం మిగిలింది. చర్చి కమిటీల వైపు చూస్తే వాళ్ళేమీ డబ్బున్నవాళ్ళు కాదు, నలభై యాభై మంది ముసలివాళ్ళు 800 ఏళ్ళ కప్పుని మోస్తున్నారు, చట్టప్రకారం రావాల్సిన డబ్బు అడక్కుండా వదిలేస్తే ఆ లోటు కమిటీ సభ్యులు సొంతంగా కట్టాల్సి వస్తుందేమో అనే భయం కూడా వాళ్ళకుంది. చివరికి ఒక గడువు పెట్టారు, 2013 అక్టోబర్ 13 లోపు భూమి రికార్డుల్లో నమోదు చేసుకోకపోతే, ఆ తర్వాత డబ్బు పెట్టి కొన్న కొత్త యజమానికి ఈ బాధ్యత అంటదని. కానీ వారసత్వంగా వచ్చిన ఆస్తులకి ఈ రక్షణ లేదు, గడువు చట్టపరంగా పూర్తిగా పనిచేసిందా అనే డౌట్ కొందరు లాయర్లకి ఉంది, చట్టాల్లో మార్పులు సూచించే లా కమిషన్ కూడా ఈ సంగతి మీద పని మొదలుపెట్టింది. అందుకే సొలిసిటర్లు ఇంకా ఆ చెక్ చేయిస్తూనే ఉన్నారు.

తలుపులు మూశాక

సెయింట్ పీటర్స్‌లో 1970ల మొదటికల్లా ప్రార్థనలు ఆగిపోయాయి, సెయింట్ మేరీస్ ఒక్కటే ఊరికి సరిపోయింది. ఇలా అవసరం తీరిన చర్చిల్ని ఇంగ్లండ్‌లో కొన్ని అమ్మేస్తారు, ఇళ్ళుగా మారతాయి, 350కి పైగా ఒక ట్రస్టు చూసుకుంటోంది. బార్టన్ అరుదైనది కాబట్టి ప్రభుత్వ సంరక్షణలోకి వెళ్ళింది, ఇప్పుడు ఇంగ్లిష్ హెరిటేజ్ చూస్తోంది. మూతపడబట్టే నేల మొత్తం తవ్వగలిగారు, నడుస్తున్న చర్చిలో అంత పని ఎవరూ చేయనివ్వరు.

తవ్వకాల్లో 10వ శతాబ్దం నుంచి 19వ శతాబ్దం దాకా ఉన్న సుమారు 2,800 మంది అస్థిపంజరాలు దొరికాయి. ఒకే ఊరివాళ్ళు, దాదాపు 900 ఏళ్ళ పాటు! కీళ్ళ జబ్బులు, పిల్లల మరణాలు, ఎత్తు, పళ్ళు, వీటి మీద పరిశోధన చేసేవాళ్ళకి ఇలాంటి కలెక్షన్ దొరకడం చాలా అరుదు. తడి నేల వల్ల కొన్ని ఓక్ చెక్క శవపేటికలు కూడా చెడకుండా ఉన్నాయి.

వాటిని ఏం చేయాలి అనేది సులువైన ప్రశ్న కాదు. క్రైస్తవ విధి ప్రకారం పూడ్చినవాళ్ళు, మళ్ళీ మట్టిలోనే పెట్టాలి అనేది ఒక మాట. మళ్ళీ పూడిస్తే రేపు కొత్త పరీక్షలు వచ్చినప్పుడు అవకాశం పోతుంది, డీఎన్ఏ పరీక్షలు తవ్వకాల నాటికి ఎవరి ఊహలోనూ లేవు కదా అనేది ఇంకో మాట. చివరికి కుదిరిన మధ్యేమార్గం ప్రకారం 2007 ప్రాంతంలో ఎముకల్ని ఆ చర్చికే తిరిగి తెచ్చారు, కానీ మట్టిలో పెట్టలేదు, ఒకప్పుడు ఆర్గన్ ఉండే గదిని అస్థికల గదిగా మార్చి పెట్టెల్లో భద్రపరిచారు. ఆ స్థలం ఇప్పటికీ చర్చి ప్రాంగణమే కాబట్టి పవిత్ర స్థలంలోనే ఉన్నట్టు లెక్క, పరిశోధకులు కావాలంటే అనుమతి తీసుకుని చూడొచ్చు.